ఇల్లు కదిలితే డిష్ ఎటు చూడాలి?

బాలలూ! మీ డాబా మీద గాని, ఎదురింటి గోడ మీద గాని టెలివిజన్ డిష్ ఉండే ఉంటుంది. దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి అటూ ఇటూ తిప్పి, మరలు బిగించి, కేబుల్ లోపలికి లాగి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ తరువాత దాని జోలికి ఎవరూ పోరు. గాలి వచ్చి కదిలించకపోతే అది ఏళ్ళ తరబడి ఒకే వైపు చూస్తూ ఉంటుంది.

మరి ఇల్లే కదిలిపోతే? ఇవాళ ఒక ఊళ్ళో, రేపు నాలుగు వందల కిలోమీటర్ల అవతల మరొక ఊళ్ళో ఉంటే, అప్పుడు డిష్ ఎటు చూడాలి?

ఇది ఉత్తి ప్రశ్న కాదు. అమెరికాలో అలాంటి ఇళ్ళు లక్షల కొద్దీ ఉన్నాయి. వాటిని ఆర్‌వీలు అంటారు. చూడడానికి పెద్ద బస్సులాగా ఉంటుంది. లోపల పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ ఉంటాయి. సెలవులు వస్తే సంసారమంతా అందులో ఎక్కి, అడవులూ కొండలూ చూస్తూ పోతారు. రాత్రికి విడిది స్థలంలో బండి నిలిపి అందులోనే పడుకుంటారు. చాలామంది టెలివిజన్ కూడా వెంట తీసుకుపోతారు. అందుచేత బండి ఆగిన ప్రతిచోటా డిష్‌ను కొత్తగా నిలబెట్టుకోవాలి.

అది ఎలాగో తెలుసుకోవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో స్థిరపడిన తెలుగువారు వారు. తండ్రి, తల్లి, పన్నెండేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆంధ్ర నుంచి చూడవచ్చిన తాతయ్య. జులై మాసంలో ఒకనాడు వాళ్ళంతా ఆర్‌వీలో బయలుదేరి ఉత్తరంగా ప్రయాణించి, జగత్ప్రసిద్ధమైన గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు గట్టుకు చేరారు. గట్టుకు కొంచెం ఇవతల ట్రైలర్ విలేజ్ అనే విడిది ఉన్నది. అక్కడ బండికి కరెంటు, నీళ్ళు దొరుకుతాయి. చుట్టూ దేవదారు జాతి చెట్లు.

తాతయ్యకు సాయంకాలం వార్తలు చూడనిదే అన్నం సహించదు. అందుకని అబ్బాయి బండి దిగీ దిగగానే డిష్ తీసి, "నాన్నా! ఫీనిక్స్‌లో ఎలా పెట్టామో అలాగే పెట్టేస్తాను," అన్నాడు.

"అలా పెడితే బొమ్మ రాదురా. మనం కదిలాం కదా!" అన్నాడు తండ్రి.

"మనం కదిలితే ఏం? ఉపగ్రహం కదలలేదుగా?"

ఈ ప్రశ్నలోనే అసలు సంగతి అంతా ఉన్నది.

కదలనట్టు కదిలే ఉపగ్రహం

టెలివిజన్ ఉపగ్రహం నిజానికి కదలకుండా లేదు. అది సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తుతూనే ఉంటుంది. కాని మనకు నిలిచి ఉన్నట్టే కనబడుతుంది.

మీరు తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కారు గదా? నడిమి స్తంభానికి దగ్గరగా ఒక గుర్రం, అంచున ఒక గుర్రం ఉన్నాయనుకోండి. మీరు లోపలి గుర్రం మీద, మీ స్నేహితుడు అంచు గుర్రం మీద కూర్చున్నారు. రాట్నం తిరిగితే అతను మీకంటె ఎక్కువ దూరం, ఎక్కువ వేగంగా తిరుగుతాడు. అయినా మీరు ఎప్పుడు చూసినా అతను అదే వైపున ఉంటాడు. తల తిప్పవలసిన పని లేదు.

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి కూడా భూమిని ఒకసారి చుట్టిరావడానికి అంతే కాలం పడుతుంది. అదే అంచు గుర్రం! ఎత్తు తగ్గితే వేగం హెచ్చి ముందుకు పోతుంది. ఎత్తు పెరిగితే వెనకబడుతుంది. ఈ ఎత్తున మాత్రమే భూమితో సరిసమానంగా నడుస్తుంది.

ఇలాంటి ఉపగ్రహాలు మూడు ఉంటే దాదాపు లోకమంతటికీ వార్తలు పంపవచ్చునని 1945లో ఆర్థర్ క్లార్క్ అనే ఇంగ్లీషు రచయిత ఒక పత్రికలో రాశాడు. అప్పటికి ఒక్క ఉపగ్రహం కూడా ఆకాశంలో లేదు! మొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌ను రష్యావారు 1957లో ఎగురవేశారు. 1964 ఆగస్టులో అమెరికావారు పంపిన సింకామ్-3 ఈ ఎత్తున నిలిచింది. ఆ అక్టోబరులో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలు దాని ద్వారానే పసిఫిక్ మహాసముద్రం దాటి అమెరికాకు చేరాయి.

మన పల్లెలకు కూడా ఈ కథలో పాత్ర ఉన్నది. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా వాటిలో ఉన్నాయి. అప్పటి డిష్‌లు 3 మీటర్ల వెడల్పు. కోళ్ళగూటికి వాడే తీగెవల వంటి వలతో చేసినవి! ఆ రేడియో తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు కాబట్టి వల కన్నాలలోంచి అది జారిపోలేదు. ఇప్పుడు ఆర్‌వీ వాళ్ళు వాడే చిన్న డిష్ 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇప్పటి ఉపగ్రహాలకు బలం ఎక్కువ, తరంగం పొట్టిది. రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. అందుకే చిన్న పళ్ళెం చాలుతుంది.

ముందు మనమెక్కడ?

ఇప్పుడు అబ్బాయి ప్రశ్నకు వద్దాం. ఉపగ్రహం తన చోట తాను ఉన్నది. కాని మనం చోటు మారినప్పుడు అది కనిపించే దిక్కు మారుతుంది. వీధి చివరి తాటిచెట్టు మీ ఇంటి నుంచి ఎడమకు కనిపిస్తే, అవతలి వీధి నుంచి కుడికి కనిపిస్తుంది కదా!

అమెరికావారి టెలివిజన్ ఉపగ్రహం ఒకటి 101 డిగ్రీల పడమటి రేఖాంశానికి సూటిగా పైన ఉన్నది. మన కుటుంబం దాన్నే పట్టుకోవాలి. అది ఫ్లారిడాలోని మయామీ నుంచి చూస్తే నైరుతిగా, క్షితిజం నుంచి 52 డిగ్రీల ఎత్తున ఉంటుంది. వాయవ్యాన ఉన్న సియాటిల్ నుంచి చూస్తే ఆగ్నేయంగా, 31 డిగ్రీల పైచిలుకు ఎత్తున మాత్రమే ఉంటుంది. ఫీనిక్స్‌లో 49 డిగ్రీలు. గ్రాండ్ కాన్యన్ దగ్గర 46న్నర. చూశారా! ఒక్కరోజు ప్రయాణంలో దాదాపు మూడు డిగ్రీలు తగ్గిపోయింది.

"మూడు డిగ్రీలే కదా!" అని అబ్బాయి తేలికగా అనేశాడు.

తండ్రి నవ్వి, "ఉపగ్రహం ఇక్కడికి 37,300 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మన చూపు ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే, అక్కడ 650 కిలోమీటర్లు తప్పుతుంది," అన్నాడు.

తాతయ్య ముక్కు మీద వేలేసుకున్నారు. "అంటే, వెతకవలసింది ఉపగ్రహాన్ని కాదురా అబ్బాయ్! ముందు మనమెక్కడ ఉన్నామో వెతుక్కోవాలి!"

తాతయ్య మాట అక్షరాలా నిజం. ఆర్‌వీ వాళ్ళు మొదట చేసే పని అదే. తాము ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు తెలుసుకుంటారు. ఇప్పుడు ఫోను ఆ పని చేసిపెడుతుంది. దాన్నిబట్టి రెండు అంకెలు దొరుకుతాయి: ఎటు తిరగాలి, ఎంత ఎత్తు చూడాలి. గ్రాండ్ కాన్యన్ దగ్గర ఆ అంకెలు ఇవి: ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెడితే 162 డిగ్రీలు, అంటే దక్షిణానికి కొంచెం తూర్పుగా. ఎత్తు 46న్నర డిగ్రీలు.

పిడికిళ్ళ లెక్క

అబ్బాయి దిక్సూచి తెచ్చి బండి పక్కన నిలబడ్డాడు. ముల్లు వంకరగా ఊగింది. "ఇక్కడ కాదు. బండిలోని ఇనుము ముల్లును లాగుతుంది. దూరంగా పో," అన్నాడు తండ్రి. ఇరవై అడుగులు నడిచాక ముల్లు నిలకడగా ఆగింది.

అయినా ఇంకొక చిక్కు ఉన్నది. దిక్సూచి చూపే ఉత్తరం భూమి అసలు ఉత్తరం కాదు. గ్రాండ్ కాన్యన్ దగ్గర ముల్లు సుమారు పది డిగ్రీలు తూర్పుకు తప్పి చూపుతుంది. అందుచేత 162 కావాలంటే దిక్సూచిలో 152 చూసుకోవాలి. ఈ పది డిగ్రీలు మరిచిపోయి గంటల తరబడి తంటాలు పడేవారు చాలామంది ఉంటారు. మన తెలుగు దేశంలో ఈ తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి మనకు అది తోచదు.

తరువాత ఎత్తు. అమ్మాయి చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టింది. చాచిన చేతి పిడికిలి అడ్డంగా పది డిగ్రీలంత ఉంటుంది. క్షితిజం మీద ఒక పిడికిలి, దాని మీద మరొకటి, అలా నాలుగున్నర పిడికిళ్ళు లెక్కపెట్టి, "నాన్నా, అక్కడ చెట్టు కొమ్మ ఉన్నది!" అని కేక వేసింది.

"భలే, అమ్మడూ! ఇప్పుడు చెప్పావు గనుక సరిపోయింది. అంతా బిగించాక అయితే మళ్ళీ విప్పుకోవలసి వచ్చేది."

కొమ్మ అడ్డం వస్తే ఏమవుతుంది? పచ్చి ఆకుల్లో నీళ్ళు ఉంటాయి. ఇంత పొట్టి తరంగాలను నీరు పీల్చేస్తుంది. 46 డిగ్రీల ఎత్తు చూడాలంటే, చెట్టు ఎంత ఎత్తో దాదాపు అంత దూరంలో డిష్ ఉండాలి. ఎండాకాలం బండి నీడలో నిలుపుకోవాలని అందరికీ ఉంటుంది. డిష్‌కు మాత్రం దక్షిణపు ఆకాశం తెరిపిగా కావాలి. అందుకని చాలామంది డిష్‌ను బండికప్పు మీద పెట్టక, విడిగా ముక్కాలి స్టాండు మీద పెట్టి, పొడుగాటి కేబుల్‌తో కలుపుతారు. బండి నీడన, డిష్ ఎండన!

కొందరి బండ్లకు కప్పు మీద గుండ్రని బోర్లించిన గిన్నె వంటిది ఉంటుంది. దాని లోపల చిన్న డిష్, మోటారు ఉంటాయి. మీట నొక్కితే అదే తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. కాని చెట్టు కింద నిలిపితే దానికీ దిక్కు తోచదు.

డిష్ నిలబెట్టడం

తండ్రీ కొడుకులు చెట్లకు దూరంగా స్టాండు పెట్టారు. పైన కరెంటు తీగలు లేవని ముందే చూసుకున్నారు. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి స్తంభం నిట్టనిలువుగా ఉన్నదో లేదో చూశారు. స్తంభం వాలి ఉంటే డిష్ వెనక రాసి ఉన్న అంకెలన్నీ అబద్ధమే అవుతాయి. స్టాండు కాళ్ళకు ఇసుక సంచులు కట్టారు, గాలికి పడకుండా.

డిష్ వెనక ఎత్తు చూపే గీతలు ఉంటాయి. అబ్బాయి 46న్నర దగ్గర మర బిగించాడు. కాని వింత! డిష్ ముఖం ఆకాశం వైపు చూడక, దాదాపు ఎదురుగా ఉన్న చెట్లను చూస్తున్నట్టు ఉన్నది.

"ఇది తప్పేమో, నాన్నా?"

తప్పు కాదు. ఈ డిష్ గుండ్రని గిన్నె నడిమి భాగం కాదు, పెద్ద గిన్నె నుంచి ఒక పక్క కోసిన ముక్క వంటిది. పైనుంచి వచ్చిన తరంగాలు దాని మీద పడి కిందికి వాలి, ముందుకు చాచిన చేతి కొసన ఉన్న పెట్టెలో కలుసుకుంటాయి. అందువల్ల డిష్ కనిపించే దానికంటే ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీలు పైకి చూస్తుంది. ఆ చిన్న పెట్టెను ఎల్‌ఎన్‌బీ అంటారు. అది నీరసంగా వచ్చిన తరంగాన్ని బలపరచి, కేబుల్‌లో పోవడానికి వీలుగా మార్చి లోపలికి పంపుతుంది. దానికి కావలసిన కరెంటు కూడా అదే కేబుల్‌లో లోపలి నుంచి వస్తుంది. బొమ్మ కిందికి, కరెంటు పైకి, ఒకే తీగలో!

ఇక అమ్మాయి లోపల టెలివిజన్ ముందు కూర్చున్నది. తెర మీద సిగ్నల్ బలం అంకెలలో కనబడుతున్నది. అబ్బాయి డిష్‌ను వేలెడంత తిప్పడం, ఆగడం, మళ్ళీ వేలెడంత తిప్పడం.

"సున్నా... సున్నా... అన్నయ్యా, తొందరపడకు! పెట్టెకు ఆలోచించుకోవడానికి టైము కావాలి!"

నిజమే. పెట్టె తరంగాన్ని పట్టి, ఇది తనకు కావలసిన ఉపగ్రహమేనా అని తేల్చుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గబగబా తిప్పితే అసలు చోటు దాటిపోతాం.

"సున్నా... ఇరవై! నలభై! డెబ్భై! ఆగు, ఆగు!"

మర బిగిసింది. బొమ్మ వచ్చింది. తాతయ్య కళ్ళజోడు సవరించుకున్నారు.

ఉరుము వచ్చినప్పుడు

పది నిమిషాలు గడిచాయో లేదో ఆకాశం నల్లబడ్డది. ఆరిజోనాలో జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలలో హఠాత్తుగా ఉరుములతో వానలు పడతాయి. బొమ్మ ముక్కలు ముక్కలుగా చీలి, తెర ఖాళీ అయింది.

"గాలికి డిష్ కదిలినట్టున్నది. సరిచేసి వస్తాను!" అని అబ్బాయి తలుపు దగ్గరికి ఉరికాడు.

తండ్రి చటుక్కున వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. అంతలో కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపు. మూడు లెక్కపెట్టేలోగా ఉరుము.

మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లంటే, పిడుగు ఒక్క కిలోమీటరు దూరంలో పడ్డదన్నమాట. అలాంటప్పుడు బయట ఇనుప స్తంభం పట్టుకుని నిలబడడం ప్రాణాలకు ముప్పు. ఉరుము వినబడగానే లోయ గట్టు వదిలి, భవనంలోకి గాని కిటికీలు మూసిన లోహపు బండిలోకి గాని పోవాలి. డిష్ కేబుల్ తాకరాదు. దాన్ని ఊడదీయాలంటే మబ్బు పట్టక ముందే ఊడదీయాలి. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు.

"డిష్ కదలలేదురా," అన్నాడు తండ్రి. "ఇసుక సంచులు కట్టాం కదా. ఆకులోని నీరు తరంగాన్ని పీల్చినట్టే వానచినుకులూ పీలుస్తాయి. వాన పెద్దదైతే బొమ్మ పోతుంది. తప్పు మనది కాదు, డిష్‌దీ కాదు."

"అయితే తుపాను వార్త మనకు ఎలా తెలుస్తుంది? తుపాను వస్తేనే గదా బొమ్మ పోతుంది!" అన్నది అమ్మాయి.

ఇది చాలా తెలివైన ప్రశ్న. అవసరమైన సమయంలోనే మూగబోయే వస్తువును నమ్ముకోకూడదు. అందుకే తల్లి అల్మారా లోంచి బ్యాటరీతో నడిచే చిన్న రేడియో తీసింది. అమెరికా ప్రభుత్వం రాత్రింబగళ్ళు వాతావరణం సంగతులు చెప్పడానికే 162 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా ప్రసారాలు చేస్తుంది. ఆ తరంగం దాదాపు రెండు మీటర్ల పొడవు కాబట్టి వాన దానికి అడ్డు కాదు. చీకట్లో నలుగురూ చుట్టూ చేరి విన్నారు. తాతయ్యకు ఆ రోజు వార్తలు అవే!

వాన వెలిసింది. ఎవరూ డిష్ జోలికి పోలేదు. అయినా తెర మీద బొమ్మ దానంతట అదే వచ్చేసింది. అబ్బాయి సిగ్గుపడి నవ్వాడు. ఉరుము ఆగి అరగంట దాటాక తాతయ్య లేచి, టెలివిజన్ కట్టేశారు.

"అదేమిటి తాతయ్యా, వార్తలు?"

"వార్తలు రేపూ వస్తాయి. మన డిష్ దక్షిణానికి చూస్తున్నది. లోయ ఉత్తరాన ఉన్నది. పాపం, దానికి లోయవైపు వీపు పెట్టక తప్పదు. మనకేం కర్మ? పదండి, పొద్దు గుంకే లోపల చూసొద్దాం."

మీరు చేసి చూడండి

బాలలూ! మీకు ఆర్‌వీ అక్కరలేదు. ఎండలో ఒక కర్రను నిటారుగా పాతండి. మధ్యాహ్నం దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు నీడ వెంట గీత గీయండి. అది ఉత్తర దక్షిణాలు చూపే గీత. (ఎండాకాలంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు కనుక నీడ ఉండదు. చలికాలంలో చేస్తే బాగా వస్తుంది.) ఆ తరువాత మీ వీధిలో డిష్‌లు ఎటు చూస్తున్నాయో గమనించండి. చాలా మటుకు దక్షిణానికో ఆగ్నేయానికో చూస్తూ ఉంటాయి. ఎందుకంటే ఆ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ పైనే ఉన్నాయి, మనం దానికి ఉత్తరాన ఉన్నాం. మన ఇన్సాట్, జీశాట్ వరుసలో ఉపగ్రహాలను 83 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన నిలిపారు. అక్కడి ఉపగ్రహం హైదరాబాదు నుంచి దాదాపు 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. పిడికిళ్ళతో లెక్కపెట్టి, ఆకాశంలో ఆ చోటు ఎక్కడో మీరే చూపించండి. కొత్త ఊళ్ళో ఎప్పుడైనా దిక్కు తెలియకపోతే, డాబాల మీది డిష్‌లను అడగండి. అవి దక్షిణ ఆగ్నేయాలు సుమారుగా ఎటో చెబుతాయి.